రేడియాన్ 9700 ప్రో, జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా కార్డుల పోలిక

రేడియాన్ 9700 ప్రో, జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా అనేవి 2002, 2003 సంవత్సరాలలో వ్యక్తిగత కంప్యూటర్ల కొరకు మార్కెట్టులోకి వచ్చిన రెండు గ్రాఫిక్స్ కార్డులు. మొదటి దానిని కెనడాకు చెందిన ఏటీఐ టెక్నాలజీస్ సంస్థ, రెండవ దానిని అమెరికాకు చెందిన ఎన్‌విడియా సంస్థ రూపొందించాయి. రెండింటి ప్రారంభ ధర 399 అమెరికా డాలర్లు. రెండూ మైక్రోసాఫ్ట్ సంస్థ యొక్క డైరెక్ట్‌ఎక్స్ 9 ప్రమాణానికి తగినట్లు తయారైనవే. గడియార వేగం, ట్రాన్సిస్టర్ల సంఖ్య, తయారీ విధానం వంటి వివరాలలో జీఫోర్స్ కార్డుదే పైచేయి. అయినప్పటికీ సుమారు ఆరు నెలల ముందే వచ్చిన రేడియాన్ కార్డు కొత్త తరహా ఆటలలో దానికి దీటుగానూ, అనేక సందర్భాలలో దానికంటే వేగంగానూ పనిచేసినది. సాంకేతిక వివరాలకూ వాస్తవ పనితీరుకూ మధ్య గల సంబంధాన్ని వివరించటానికి ఈ రెండు కార్డుల పోలిక మంచి ఉదాహరణ.

గ్రాఫిక్స్ కార్డు చేసే పని

కంప్యూటరు తెరపై కనిపించే బొమ్మ అనేక చిన్న చుక్కల సముదాయం. ఒక్కొక్క చుక్కను పిక్సెల్ అంటారు. 1024×768 పరిమాణం గల తెరపై 7,86,432 పిక్సెళ్ళు, 1600×1200 పరిమాణం గల తెరపై 19,20,000 పిక్సెళ్ళు ఉంటాయి. ఆటలలో కదలికలు సాఫీగా కనిపించాలంటే ఈ పిక్సెళ్ళన్నింటి రంగులను సెకనుకు 30 నుండి 60 సార్లు కొత్తగా లెక్కించవలసి ఉంటుంది.

త్రిమితీయ ఆటలలో మనుషులు, గోడలు, చెట్లు వంటి వస్తువులన్నీ చిన్న చిన్న త్రిభుజాలతో నిర్మించబడతాయి. మొదట ప్రతి త్రిభుజం యొక్క శీర్షాలు తెరపై ఎక్కడ పడతాయో లెక్కించాలి. ఆ తరువాత ఆ త్రిభుజం కప్పే ప్రతి పిక్సెల్‌కు రంగు నిర్ణయించాలి. ఉపరితలంపై అతికించే రాయి, చెక్క, గుడ్డ వంటి బొమ్మలను టెక్స్చర్లు అంటారు. శీర్షాలను, పిక్సెళ్ళను ఏ విధంగా లెక్కించాలో తెలిపే చిన్న ప్రోగ్రాములను షేడర్లు అంటారు. డైరెక్ట్‌ఎక్స్ 9 లో షేడర్ల నిడివి పెరగటమే కాక, పిక్సెల్ రంగులను పూర్ణాంకాలకు బదులు దశాంశ భాగం గల సంఖ్యలతో లెక్కించే సదుపాయం కూడా వచ్చినది. ఈ మార్పే తరువాత రెండు కార్డుల భవితవ్యాన్ని నిర్ణయించినది.

నేపథ్యం

1999 లో జీఫోర్స్ 256 ను విడుదల చేసిన నాటి నుండి ఎన్‌విడియా ఈ రంగంలో ముందంజలో ఉన్నది. 2000 చివరలో తన పోటీదారు త్రీడీఎఫ్‌ఎక్స్ యొక్క ఆస్తులను కొనుగోలు చేయుటకు ఒప్పందం చేసుకొన్నది. అదే సంవత్సరం ఏటీఐ సంస్థ ఆర్ట్‌ఎక్స్ అనే చిన్న సంస్థను కొన్నది. నింటెండో వారి గేమ్‌క్యూబ్ యంత్రానికి గ్రాఫిక్స్ చిప్పును రూపొందించినది ఆర్ట్‌ఎక్స్ బృందమే. రేడియాన్ 9700 లోని ఆర్300 చిప్పు రూపకల్పనలో ఈ బృందానిది ముఖ్య పాత్ర.

ఏటీఐ 2002 జూలైలో రేడియాన్ 9700 ప్రోను ప్రకటించినది. ఆగస్టు నుండి కార్డులు అమ్మకానికి వచ్చాయి. అప్పటికి ఎన్‌విడియా వద్ద ఉన్న అత్యంత వేగవంతమైన జీఫోర్స్4 టీఐ 4600 కార్డును ఇది స్పష్టంగా అధిగమించినది. ఎన్‌విడియా తన తరువాతి చిప్పు ఎన్‌వి30 ను 0.13 మైక్రాన్ల విధానంలో తయారు చేయదలచినది. తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ కర్మాగారంలో ఆ విధానం అప్పుడే మొదలైనందున అనుకున్న సమయానికి చిప్పు సిద్ధం కాలేదు. ఏటీఐ అదే కర్మాగారంలో, అప్పటికే బాగా అలవాటైన 0.15 మైక్రాన్ల విధానాన్ని ఎంచుకొన్నది. ఎన్‌విడియా 2002 నవంబరులో జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్‌ను ప్రకటించినప్పటికీ, కార్డులు కొనుగోలుదారులకు చేరినది 2003 ప్రారంభ మాసాలలోనే.

సాంకేతిక వివరాలు

| అంశం | రేడియాన్ 9700 ప్రో | జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా |
|---|---|---|
| చిప్పు పేరు | ఆర్300 | ఎన్‌వి30 |
| తయారీ విధానం | 0.15 మైక్రాన్లు | 0.13 మైక్రాన్లు |
| ట్రాన్సిస్టర్లు | సుమారు 11 కోట్లు | సుమారు 12.5 కోట్లు |
| చిప్పు గడియార వేగం | 325 మెగాహెర్ట్జ్ | 500 మెగాహెర్ట్జ్ |
| పిక్సెల్ పైపులైన్లు | 8 | 4 |
| ఒక్కొక్క పైపులైనుకు టెక్స్చర్ యూనిట్లు | 1 | 2 |
| మెమరీ | 128 మెగాబైట్ల డీడీఆర్ | 128 మెగాబైట్ల డీడీఆర్2 |
| మెమరీ గడియార వేగం | 310 మెగాహెర్ట్జ్ (ఫలితంగా 620) | 500 మెగాహెర్ట్జ్ (ఫలితంగా 1000) |
| మెమరీ బస్ వెడల్పు | 256 బిట్లు | 128 బిట్లు |
| మెమరీ బ్యాండ్‌విడ్త్ | సెకనుకు 19.84 గిగాబైట్లు | సెకనుకు 16 గిగాబైట్లు |
| పిక్సెల్ షేడర్లలో దశాంశ సంఖ్యల పరిమాణం | 24 బిట్లు | 16 లేదా 32 బిట్లు |
| కంప్యూటరుతో అనుసంధానం | ఏజీపీ 8ఎక్స్ | ఏజీపీ 8ఎక్స్ |
| ప్రారంభ ధర | 399 డాలర్లు | 399 డాలర్లు |

డీడీఆర్ తరహా మెమరీలో ప్రతి గడియార స్పందనకు రెండుసార్లు సమాచారం బదిలీ అవుతుంది. అందువలన 310 మెగాహెర్ట్జ్ మెమరీని 620 అనీ, 500 మెగాహెర్ట్జ్ మెమరీని 1000 అనీ వ్యవహరిస్తారు.

గడియార వేగం, పైపులైన్లు

ఒక చిప్పు సెకనుకు ఎన్ని పిక్సెళ్ళను నింపగలదో తెలుసుకోవటానికి గడియార వేగాన్ని పైపులైన్ల సంఖ్యతో గుణించాలి.

* రేడియాన్ 9700 ప్రో: 325 × 8 = సెకనుకు 260 కోట్ల పిక్సెళ్ళు
* జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా: 500 × 4 = సెకనుకు 200 కోట్ల పిక్సెళ్ళు

గడియారం ఒకటిన్నర రెట్లు వేగంగా తిరిగినప్పటికీ పైపులైన్లు సగమే ఉన్నందున జీఫోర్స్ ఈ లెక్కలో వెనుకబడినది. అయితే దాని ఒక్కొక్క పైపులైనులో రెండు టెక్స్చర్ యూనిట్లు ఉన్నాయి. కాబట్టి ఒక్కొక్క పిక్సెల్‌పై రెండేసి టెక్స్చర్లు అతికించే ఆటలలో లెక్క తారుమారవుతుంది. అటువంటి సందర్భాలలో జీఫోర్స్ సెకనుకు 400 కోట్ల టెక్స్చర్ నమూనాలను, రేడియాన్ 260 కోట్ల నమూనాలను తీసుకొనగలవు. 2000 కు అటూ ఇటూగా వచ్చిన అనేక ఆటలు ఈ తరహావే.

ఎన్‌విడియా మొదట్లో తన చిప్పు ఒక గడియార స్పందనకు ఎనిమిది పిక్సెళ్ళను పూర్తి చేయగలదని ప్రచారం చేసినది. రంగు అవసరం లేకుండా లోతును మాత్రమే లెక్కించే సందర్భాలలో అది నిజమే. రంగుతో కూడిన సాధారణ పిక్సెళ్ళ విషయంలో ఆ సంఖ్య నాలుగేనని పరీక్షకుల పరిశీలనలో తేలినది.

మెమరీ బ్యాండ్‌విడ్త్

చిప్పు ఎంత వేగంగా లెక్కించగలిగినా, కావలసిన సమాచారం మెమరీ నుండి సకాలంలో అందకపోతే ఖాళీగా వేచి ఉండవలసిందే. మెమరీ నుండి చిప్పుకు సెకనులో ఎంత సమాచారం రాగలదో తెలిపే కొలతే బ్యాండ్‌విడ్త్. బస్ వెడల్పును బైట్లలోకి మార్చి మెమరీ వేగంతో గుణిస్తే ఇది లభిస్తుంది. రేడియాన్‌లో 256 బిట్లు అనగా 32 బైట్లు; 32 × 620 = 19,840 మెగాబైట్లు. జీఫోర్స్‌లో 128 బిట్లు అనగా 16 బైట్లు; 16 × 1000 = 16,000 మెగాబైట్లు.

దీనిని రహదారితో పోల్చవచ్చును. రెండు వరుసల రోడ్డుపై వాహనాలు ఎక్కువ వేగంతో వెళ్ళినా, నాలుగు వరుసల రోడ్డుపై మధ్యస్థ వేగంతో వెళ్ళే వాహనాలే గంటలో ఎక్కువ సరుకును చేరవేయవచ్చు. ఎన్‌విడియా ఇరుకైన దారిని ఎంచుకొని, అప్పటికి కొత్తదీ ఖరీదైనదీ అయిన డీడీఆర్2 మెమరీతో వేగం పెంచ ప్రయత్నించినది. ఏటీఐ వెడల్పైన దారిని ఎంచుకొన్నది. వెడల్పైన బస్ కొరకు చిప్పుకు ఎక్కువ కాళ్ళు, కార్డు పలకపై ఎక్కువ తీగల పొరలు అవసరమవుతాయి. కానీ మెమరీ చిప్పులు సాధారణమైనవి సరిపోతాయి.

ఈ తేడా అంచుల నునుపు చేయునప్పుడు బాగా బయటపడుతుంది. వాలు గీతలు మెట్లు మెట్లుగా కనిపించకుండా ప్రతి పిక్సెల్‌ను అనేక నమూనాలుగా విభజించి సగటు తీయటాన్ని యాంటీ ఏలియాసింగ్ అంటారు. 1600×1200 తెరపై ఒక్కొక్క పిక్సెల్‌కు నాలుగు నమూనాలు, ఒక్కొక్క నమూనాకు రంగు కొరకు 4 బైట్లు, లోతు కొరకు 4 బైట్లు అనుకొంటే, ఒక్క చిత్రానికే 61 మెగాబైట్లకు పైగా మెమరీ కావాలి. సెకనుకు 60 చిత్రాల చొప్పున దీనిని ఒక్కసారి వ్రాయటానికే 3.6 గిగాబైట్లకు పైగా బ్యాండ్‌విడ్త్ ఖర్చవుతుంది. ఒకదాని వెనుక ఒకటి ఉండే వస్తువుల వలన అదే పిక్సెల్‌ను పలుమార్లు చదివి వ్రాయవలసి ఉంటుంది. ఈ భారాన్ని తగ్గించటానికి రెండు చిప్పులూ సమాచారాన్ని కుదించే పద్ధతులను వాడాయి. అయినా బ్యాండ్‌విడ్త్ ఎక్కువ ఉన్న కార్డుకు సహజంగానే అనుకూలత ఏర్పడినది.

షేడర్లు, సంఖ్యల ఖచ్చితత్వం

దశాంశ భాగం గల సంఖ్యను కంప్యూటరు గుర్తు, ఘాతం, అంకెలు అనే మూడు భాగాలుగా భద్రపరుస్తుంది. అంకెల భాగానికి 16 బిట్ల సంఖ్యలో 10 బిట్లు, ఏటీఐ వాడిన 24 బిట్ల సంఖ్యలో 16 బిట్లు, 32 బిట్ల సంఖ్యలో 23 బిట్లు దక్కుతాయి. 16 బిట్ల సంఖ్యలు రంగులకు చాలా వరకు సరిపోతాయి. కానీ 1024, 2048 మధ్య విలువలలో అవి పూర్ణాంకాలను మాత్రమే సూచించగలవు. కాబట్టి పెద్ద టెక్స్చర్‌లో స్థానాన్ని నిర్ణయించటం వంటి పనులకు అవి చాలవు.

డైరెక్ట్‌ఎక్స్ 9 ప్రమాణం పూర్తి ఖచ్చితత్వానికి కనీసం 24 బిట్లు ఉండాలని నిర్దేశించినది. ప్రోగ్రాము రచయిత ప్రత్యేకంగా సూచించిన చోట మాత్రమే 16 బిట్లు వాడవచ్చును. రేడియాన్ అన్ని పిక్సెల్ లెక్కలనూ 24 బిట్లలోనే చేస్తుంది. కనుక ప్రమాణం కోరినదీ, చిప్పు వేగంగా చేయగలిగినదీ ఒక్కటే అయినవి. జీఫోర్స్‌లో 24 బిట్ల మార్గం లేదు. ప్రమాణాన్ని పాటించాలంటే 32 బిట్లలో లెక్కించాలి, అది నెమ్మది. వేగం కావాలంటే 16 బిట్లకు లేదా పాత తరహా పూర్ణాంకాలకు దిగాలి. అప్పుడు ఖచ్చితత్వం ప్రమాణం కంటే తగ్గుతుంది. పైగా షేడరు లెక్క మధ్యలో దాచుకొనే తాత్కాలిక విలువలు పెరిగే కొద్దీ ఎన్‌వి30 వేగం మరింత పడిపోయేది.

వివరాల జాబితాలో మాత్రం జీఫోర్స్ షేడర్లే మెరుగైనవి. రేడియాన్ పిక్సెల్ షేడరులో 64 గణిత ఆదేశాలు, 32 టెక్స్చర్ ఆదేశాలు పట్టగా, జీఫోర్స్‌లో 1024 ఆదేశాల వరకు అవకాశం ఉన్నది. కానీ అంత పొడవైన షేడర్లను ఆటకు తగిన వేగంతో నడిపే శక్తి ఆ చిప్పుకు లేదు. అందువలన ఈ ఆధిక్యం ఆట ఆడేవారికి పెద్దగా ఉపయోగపడలేదు.

చిత్ర నాణ్యత

రేడియాన్ 9700 ఒక్కొక్క పిక్సెల్‌కు ఆరు నమూనాల వరకు యాంటీ ఏలియాసింగ్ చేయగలదు. ఆ నమూనాలను నిలువు, అడ్డ వరుసలలో కాక చెదురుగా అమర్చటం వలన దాదాపు నిలువుగా లేదా దాదాపు అడ్డంగా ఉండే గీతలు మరింత నునుపుగా కనిపిస్తాయి. జీఫోర్స్ నాలుగు నమూనాలను చదరపు వరుసలలో తీసుకొంటుంది. కాబట్టి ఇద్దరూ "నాలుగు నమూనాలు" అని వ్రాసినా తెరపై ఫలితం ఒకే విధంగా ఉండదు. దూరంగా పోయే నేల, గోడల టెక్స్చర్లను స్పష్టంగా చూపే అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్‌లో రేడియాన్ గరిష్ఠ స్థాయి 16, జీఫోర్స్ గరిష్ఠ స్థాయి 8. అయితే రేడియాన్ వేగం కొరకు కొన్ని కోణాలలో ఉన్న ఉపరితలాలకు తక్కువ స్థాయి ఫిల్టరింగ్‌ను వాడేది.

వేడి, శబ్దం

చిప్పును 500 మెగాహెర్ట్జ్ వేగంతో నడపటం వలనా, డీడీఆర్2 మెమరీ వలనా జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా బాగా వేడెక్కేది. దీనిని చల్లబరచటానికి ఎన్‌విడియా ఎఫ్‌ఎక్స్ ఫ్లో అనే ఏర్పాటును అమర్చినది. ఇది పెట్టె బయటి నుండి గాలిని పీల్చి, వేడి గాలిని తిరిగి బయటకే పంపుతుంది. కార్డు రెండు స్లాట్ల స్థలాన్ని ఆక్రమించేది. ఆట మొదలవగానే ఫ్యాను చేసే గట్టి శబ్దం వలన ఈ కార్డుకు "డస్ట్‌బస్టర్" అనే పరిహాస నామం స్థిరపడినది. అది చేతితో పట్టుకొనే చిన్న వాక్యూం క్లీనరు పేరు. ఆకులు ఊదే యంత్రంగా ఈ కార్డును వాడుతున్నట్లు ఎన్‌విడియా ఉద్యోగులే ఒక హాస్య చిత్రాన్ని తీసి తమపై తామే ఛలోక్తి విసురుకొన్నారు. రేడియాన్ 9700 ప్రోకు కూడా కంప్యూటరు విద్యుత్ సరఫరా నుండి నేరుగా ఒక తీగ కలపవలసి ఉన్నప్పటికీ, ఒక స్లాటులో ఇమిడే సాధారణ ఫ్యానే దానికి సరిపోయినది.

ఆటలలో పనితీరు

2003 ప్రారంభంలో వెలువడిన సమీక్షలను మొత్తంగా చూసినపుడు రెండు ధోరణులు కనిపిస్తాయి. క్వేక్ 3 అరీనా వంటి పాత ఆటలలో, యాంటీ ఏలియాసింగ్ లేకుండా నడిపినపుడు, జీఫోర్స్ ముందున్నది. గడియార వేగం, రెండేసి టెక్స్చర్ యూనిట్లు ఇక్కడ కలిసి వచ్చాయి. తెర పరిమాణం పెంచి, యాంటీ ఏలియాసింగ్, అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ రెండింటినీ వాడినపుడు ఈ ఆధిక్యం తగ్గిపోయి, అనేక పరీక్షలలో రేడియాన్ ముందుకు వచ్చినది. 399 డాలర్ల కార్డును కొనేవారు కోరుకొనేది ఈ రెండవ తరహా వినియోగమే.

డూమ్ 3 ఆటను అభివృద్ధి చేస్తున్న జాన్ కార్మాక్ 2003 జనవరిలో తన అనుభవాలను వెల్లడించాడు. ఎన్‌వి30 కొరకే ప్రత్యేకంగా వ్రాసిన మార్గంలో జీఫోర్స్ చాలా వరకు కొద్దిగా ముందుంటుందనీ, రెండు కార్డులకూ ఉమ్మడి ప్రామాణిక మార్గాన్ని వాడితే రేడియాన్‌దే పైచేయి అనీ ఆయన వివరణ సారాంశం. అనగా జీఫోర్స్ యొక్క వేగం ప్రోగ్రామర్ల అదనపు శ్రమపై ఆధారపడి ఉన్నది.

2003 సెప్టెంబరులో వాల్వ్ సంస్థ హాఫ్-లైఫ్ 2 ఆట ఫలితాలను వెల్లడించినపుడు ఇదే విషయం మరింత స్పష్టమైనది. అప్పటికి రెండు సంస్థల తరువాతి కార్డులు రంగంలో ఉన్నాయి. పూర్తి డైరెక్ట్‌ఎక్స్ 9 పద్ధతిలో రేడియాన్ 9800 ప్రో, జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5900 అల్ట్రాకు సుమారు రెట్టింపు వేగాన్ని చూపినది. ఈ ఫలితాలు ఏటీఐ ఏర్పాటు చేసిన కార్యక్రమంలో వెలువడినవనే విషయాన్ని కూడా గుర్తుంచుకోవాలి. అయితే 2004 నవంబరులో ఆట విడుదలైనపుడు అది జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ కార్డులను తనంతట తాను పాత డైరెక్ట్‌ఎక్స్ 8 స్థాయిలోనే నడిపినది.

కొలమాన పరీక్షల వివాదం

వేర్వేరు కార్డులను ఒకే కొలతతో పోల్చటానికి ఫిన్లాండుకు చెందిన ఫ్యూచర్‌మార్క్ సంస్థ 2003 ఫిబ్రవరిలో త్రీడీమార్క్03 అనే పరీక్షా ప్రోగ్రామును విడుదల చేసినది. ఆ పరీక్షా విధానం వాస్తవ ఆటలను ప్రతిబింబించదని ఎన్‌విడియా విమర్శించినది.

ఆ తరువాత ఎన్‌విడియా డ్రైవర్లు పరీక్షలో అనూహ్యంగా ఎక్కువ మార్కులు చూపసాగాయి. పరీక్షలో కెమెరా ఎల్లప్పుడూ ఒకే దారిలో కదులుతుంది. సమీక్షకులు ఒక ప్రత్యేక సదుపాయంతో కెమెరాను ఆ దారి నుండి ప్రక్కకు జరిపి చూడగా, దృశ్యంలోని కొన్ని భాగాలు గీయబడకుండా మిగిలిపోయినట్లు బయటపడినది. కెమెరాకు కనిపించని భాగాలు ఏవో ముందే తెలుసు గనుక డ్రైవరు వాటిని వదలివేసినదన్నమాట. 2003 మే నెలలో ఫ్యూచర్‌మార్క్ ప్రకటించిన నివేదిక ప్రకారం, డ్రైవరు పరీక్షను గుర్తించి కొన్ని షేడర్లను కూడా మార్చివేసినది. ఈ గుర్తింపును అడ్డుకొనే సవరణ తరువాత ఎన్‌విడియా కార్డు మార్కులు సుమారు 24 శాతం వరకు తగ్గాయి. అదే సవరణతో ఏటీఐ కార్డు మార్కులు కూడా మొత్తం మీద సుమారు 2 శాతం తగ్గాయి. ఒక షేడరులో ఆదేశాల క్రమాన్ని మార్చినట్లు ఏటీఐ అంగీకరించి, దానిని తొలగిస్తామని ప్రకటించినది. జూన్‌లో ఫ్యూచర్‌మార్క్, ఎన్‌విడియా సంయుక్త ప్రకటన చేస్తూ, జరిగిన దానిని మోసమని కాక ఒక ప్రోగ్రాముకే పరిమితమైన అనుకూలీకరణగా పేర్కొన్నాయి.

ఒక డ్రైవరు అదే చిత్రాన్ని తక్కువ శ్రమతో గీస్తే అది మెరుగుదలే. కానీ దారి ముందుగా తెలిస్తేనే ఫలించే ఉపాయం, ఆటగాడు తన ఇష్టం వచ్చిన దిక్కుకు తిరిగే ఆటలో పనికిరాదు. పరీక్షలో మార్కులు పెరిగినా కొనుగోలుదారుకు అందే వేగం పెరగదు. ఈ వివాదం తరువాత సమీక్షకులు నిర్ణీత పరీక్షలతో పాటు తాము స్వయంగా రికార్డు చేసిన ఆట భాగాలతోనూ కార్డులను కొలవటానికి ప్రాధాన్యమిచ్చారు.

తదుపరి పరిణామాలు

జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5800 అల్ట్రా కొద్ది సంఖ్యలోనే తయారైనది. 2003 మే నెలలో దాని స్థానంలో వచ్చిన జీఫోర్స్ ఎఫ్‌ఎక్స్ 5900 అల్ట్రాలో గడియార వేగాన్ని 450 మెగాహెర్ట్జ్‌కు తగ్గించి, మెమరీ బస్‌ను 256 బిట్లకు వెడల్పు చేసారు. డీడీఆర్2 ను వదలి తిరిగి డీడీఆర్ మెమరీనే వాడారు. బ్యాండ్‌విడ్త్ మాత్రం సెకనుకు 27.2 గిగాబైట్లకు పెరిగినది. 2004 ఏప్రిల్‌లో ప్రకటించిన జీఫోర్స్ 6800 అల్ట్రాలో 16 పైపులైన్లతో, 32 బిట్ల లెక్కలను వేగంగా చేయగల కొత్త నిర్మాణంతో ఎన్‌విడియా తిరిగి పుంజుకొన్నది. ఏటీఐ సంస్థను 2006 లో ఏఎండీ కొనుగోలు చేసినది. రేడియాన్ పేరు మాత్రం ఏఎండీ కార్డులపై కొనసాగినది.

కార్డులను పోల్చునప్పుడు గమనించవలసిన అంశాలు

* గడియార వేగాన్ని ఒంటరిగా పోల్చరాదు. ఒక్కొక్క గడియార స్పందనకు ఎంత పని జరుగుతుందో దానితో గుణించాలి. వేర్వేరు నిర్మాణాల మధ్య ఈ లెక్క కూడా ఉజ్జాయింపే.
* మెమరీ పరిమాణం, మెమరీ బ్యాండ్‌విడ్త్ వేర్వేరు. ఈ రెండు కార్డులలోనూ మెమరీ 128 మెగాబైట్లే. తేడా దానిని చేరే దారిలో ఉన్నది.
* ఒక సదుపాయం ఉన్నదా లేదా అనే దానితో పాటు, అది ఉపయోగపడేంత వేగంతో పనిచేస్తుందా అని చూడాలి.
* పరీక్షా ఫలితాలను చూసేటప్పుడు తెర పరిమాణం, చిత్ర నాణ్యత స్థాయి, డ్రైవరు వెర్షను రెండు కార్డులకూ సమానమైన షరతులలో ఉన్నాయో లేదో గమనించాలి. ఫలితాలను ఎవరు ప్రకటించారో కూడా తెలుసుకోవాలి.
* కొనేవారు తాము వాడబోయే తెరపై, తాము ఆడబోయే ఆటలలో వచ్చిన ఫలితాలకే ఎక్కువ విలువనివ్వాలి.